ఆరో ట్యాంకు హీటరు

ఓడలరేవు దారిలో సరుగుడు తోటల వెనక ఓ రొయ్యపిల్లల హేచరీ ఉంది. రాత్రి రెండింటికి ఆ షెడ్డులోకి ఎవరూ వెళ్ళరు. కాళ్ళు పట్టుకున్నా వెళ్ళరు. వాచ్‌మన్ తాతారావు పోయింది అక్కడే... ఆరో ట్యాంకుకి చేరగిలబడి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే.

గుండె ఆగిందన్నారు డాక్టర్లు. ఊరు ఊరుకుంటుందా? ఆ రాత్రి ఆరో హీటరు స్విచ్ తీసేసి ఉంది. నీళ్ళు చల్లబడి, తెల్లారేసరికి అందులో రొయ్యపిల్లలన్నీ చచ్చాయి. తీసిన స్విచ్ వెయ్యకుండా పోయాడు కనక, వెయ్యడానికి రోజూ వస్తున్నాడని చెప్పుకున్నారు.

నాకు ఇది చెప్పింది అమలాపురం భాస్కర్. కరెంటు పనులు చేస్తాడు. దెయ్యాలంటే నవ్వుతాడు... పగలు.

తాతారావు పోయాక యజమాని బంగారరాజు గారు భాస్కర్ చేత ఓ బోర్డు పెట్టించారు. అందులో ఓ మైక్రోకంట్రోలర్ — బొటనవేలంత చిప్పు — ప్రతి హీటరు తీగనీ కనిపెట్టుకుని ఉంటుంది. హీటరు పనిచెయ్యాల్సిన వేళ తీగలో కరెంటు పారకపోతే కాయిల్ కాలిపోయిందని లెక్క. వెంటనే భాస్కర్ ఫోను మోగుతుంది.

మొదటి రాత్రే మోగింది. సరిగ్గా రెండింటికి. "ఆరో హీటరు పోయింది." భాస్కర్ బండి తీసేలోపే మళ్ళీ — "ఆరో హీటరు బాగుంది."

కాలిన కాయిల్ మళ్ళీ బతకదు. ఇది మాత్రం రోజూ రెండింటికి చచ్చి, రెండూ ఐదుకి లేచేది!

తీగ మార్చాడు. హీటరు మార్చాడు. ఆఖరికి చిప్పూ మార్చాడు. అయినా అంతే.

"అది తాతారావేనయ్యా," అన్నారు రాజుగారు. "రేపటికల్లా తేల్చు. లేదంటే నీ బోర్డు పీకేస్తాను."

భాస్కర్ సొంతంగా చేసిన మొదటి బోర్డు అది. ఆ రాత్రి లైటు ఆర్పేసి షెడ్డులో ఒక్కడే కూర్చున్నాడు. బోర్డు మీద చిన్న దీపం. ట్యాంకుల్లో గాలి బుడగల చప్పుడు. పలకరించే నాథుడు లేడు. ఓ దశలో దెయ్యమైనా వస్తే బాగుండుననిపించిందట!

ఒంటిగంట... ఒకటిన్నర... రెండు.

వెనక తలుపు తాళం తిరిగింది. తాళంచెవి రాజుగారి దగ్గరున్నది ఒక్కటే — అని అందరి నమ్మకం.

తెల్లగా ఏదో లోపలికొచ్చింది. తడుముకోలేదు. తిన్నగా ఆరో ట్యాంకు దగ్గరికి నడిచింది. టక్ — స్విచ్ తీసింది. భాస్కర్ జేబులో ఫోను మోగింది. తెల్లటి ఆకారం ఉలిక్కిపడింది.

"ఎ... ఎవరు?" అన్నాడు భాస్కర్.

"నేనే బాబూ... మాణిక్యాన్ని."

తాతారావు భార్య. వెలిసిన తెల్లచీర, చేతిలో నల్లదారం కట్టిన తాళంచెవి — తాతారావు దగ్గర ఉండిపోయినది.

"ఆయన రోజూ రెండింటికి షాకు కొట్టకుండా స్విచ్ తీసి, నీళ్ళల్లో చెయ్యెట్టి ఏడి చూసి, మళ్ళీ ఏసేవోరండి. ఆ రోజు ఈ ట్యాంకుది తీసేరు గానీ ఏసే టయిం లేకపోయింది. రొయ్యపిల్లల్ని చంపేసి పోయేడన్నారండి జనం..." గొంతు తగ్గింది. "ఆ ఏళకి మెలకువొచ్చేత్తాది బాబూ. పక్కన ఎవరూ ఉండరు. ఇక్కడికొచ్చి ఆయన పని చేసెల్తే... మళ్ళీ నిద్దరడతాది."

"ఇప్పుడు బోర్డు చూసుకుంటుందండి."

"దానికి చెయ్యి లేదు గదండీ."

ఆవిడ నీళ్ళల్లో చెయ్యి పెట్టింది. కాసేపు అలాగే ఉంచింది. చెంగుతో తుడుచుకుని స్విచ్ వేసింది. ఫోను మోగింది — "ఆరో హీటరు బాగుంది."

"రాజుగారికి చెప్పేత్తారా బాబూ?" అంటూ తాళంచెవి చాపింది.

చెబితే ఆవిణ్ణి గేటు దాటనివ్వరు. చెప్పకపోతే బోర్డు పోతుంది. భాస్కర్‌కి ఏడుపొచ్చింది. తాళంచెవి తీసుకోలేదు.

తెల్లారింది. "ఏం తేలిందయ్యా?" అన్నారు రాజుగారు.

"ఆయ్... మీరన్నదే నిజమండి. తాతారావే. నా కళ్ళతో చూసేనండి."

రాజుగారికి చెమటలు పట్టాయి. "మరెలాగయ్యా?"

"ఏం చెయ్యడండి. రెండింటికి ఓ పది నిమిషాలు ఆరో ట్యాంకు ఊసెత్తొద్దని బోర్డుకి రాసేస్తానండి. ఆ వేళకి లోపలికి మాత్రం ఎవర్నీ పంపకండి."

బోర్డు ఉండిపోయింది. షెడ్డుకి చెడ్డపేరు ఇంకా ముదిరింది. ఆ పక్కకి వెళితే మీరూ నలుగురికీ చెప్పండి, అక్కడ దెయ్యం ఉందని. ముసలావిడ, చీకట్లో ఒక్కర్తే వస్తుంది. దారిలో ఎవరూ అడ్డు రాకూడదు.