వదలని ఊపిరి

ఆ కాలేజీలో, కింది అంతస్తు చివర ఉన్న ఎడిటింగ్ గదికి పేరు మంచిది కాదు. ఎప్పుడో ఒకాయన పని చేస్తూ చేస్తూ అక్కడి కుర్చీలోనే కన్నుమూశాడట. అప్పట్నుంచీ రాత్రిపూట హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే, వెనక ఎవరో ఊపిరి పీలుస్తున్నట్టు వినిపిస్తుందట...

నవ్వకండి. మొదట నేనూ నవ్వాను. కాస్త దగ్గరికి జరగండి, గొంతెత్తి చెప్పే కథ కాదిది.

ఆ గదిలో ఒక రాత్రి కూర్చున్న పిల్లే నాకు చెప్పింది. విన్నది విన్నట్టు చెప్తాను. ఒక్క ముక్క కల్పించినా ఆ పైవాడు చూస్తూనే ఉన్నాడు.

పిల్ల అక్కడ రెండో ఏడు చదువుతోంది. చిన్న చిన్న వీడియోలు తియ్యడమంటే ప్రాణం. అప్పటికి వాళ్ళమ్మ పోయి మూడు నెలలు. పిల్ల కంట్లోంచి ఒక్క చుక్క రాలేదు. "ఒక్కసారి ఏడ్చెయ్యవే తల్లీ" అని పెద్దమ్మ బతిమాలితే, "వస్తే ఏడుస్తాగా పెద్దమ్మా" అందట... తుమ్ము గురించి చెప్పినట్టు.

ఆ రాత్రి చేస్తున్నది అమ్మ మీద మూడు నిమిషాల సినిమా. పొద్దున్న తొమ్మిదింటికి ఇవ్వాలి. ఇవ్వకపోతే ఏడాది పోయినట్టే.

అమ్మ ఉన్న వీడియోలు నలభై దాకా ఉన్నాయి. అన్నిట్లోనూ అమ్మ చేత్తో మొహం దాచుకుంటూ ఏదో అంటూనే ఉంటుంది. ఏమంటోందో తెలీదు. ఈ పిల్ల ప్రతి వీడియోకీ పాట అతికించేది. పాటకి అడ్డమని అసలు శబ్దం పీకేసేది. ఫోన్ నిండిపోతోందని అసలువి ఎప్పటికప్పుడు చెరిపేసేది.

నలభై వీడియోలండీ! పెదాలు కదుల్తాయి. గొంతు మాత్రం ఎక్కడా లేదు.

అందుకని సినిమాలోనూ మాటల్లేవు. ఖాళీ వంటిల్లు, మధ్యమధ్య ఆ మూగ ముక్కలు, వాటన్నిటి కిందా నిశ్శబ్దం. నిశ్శబ్దాన్ని వెయ్యడమేంటి అంటారా? ఈ పనిలో అదో పద్ధతి. తీసే చోట అందర్నీ కదలకుండా నిలబెట్టి, ఉత్త గది చప్పుడు ముప్పై సెకన్లు రికార్డు చేసుకుంటారు. ముక్కకీ ముక్కకీ మధ్య అతుకు తెలీకుండా దాన్ని కింద వేస్తారు.

పదకొండింటికి వాచ్‌మన్ తాత తలుపు తోశాడు.

"ఇంకే గదీ దొరకలేదా అమ్మా నీకు?"

"మిగతావాటిల్లో జనం ఉన్నారు తాతా. ఇందులో దెయ్యం ఒక్కటేగా, సర్దుకుంటాం."

"నవ్వులాట కాదమ్మా..."

"నేను నవ్వట్లేదు తాతా."

నిజంగానే నవ్వలేదు. తాత దేవుణ్ణి తలుచుకుంటూ వెళ్ళిపోయాడు.

ఒంటిగంట దాటింది. తెర మీద ఖాళీ వంటిల్లు. గట్టు మీద బోర్లించిన గ్లాసు...

అప్పుడు వినిపించింది.

ఎవరో ఊపిరి పీల్చుకున్నారు. లోపలికి... అంతే. బయటికి వదల్లేదు.

వెనక్కి తిరిగి చూసింది. గోడ. మళ్ళీ మొదట్నుంచీ వేసింది. వంటిల్లు... గ్లాసు... ఊపిరి. పీల్చారు — వదల్లేదు.

నేనైతే చెప్పులు కూడా అక్కడే వదిలేసి పరిగెత్తేదాన్ని. ఆ పిల్ల కదల్లేదు. "భయం వేస్తుందేమోనని కాసేపు చూశానండీ, వెయ్యలేదు" అంది నాతో. తిమ్మిరెక్కిన కాలిని గిల్లి చూసుకున్నట్టు.

తర్వాత లెక్క చూసింది. నిశ్శబ్దం అయిదు చోట్ల వేసింది. ఊపిరీ సరిగ్గా ఆ అయిదు చోట్లే. అంటే వెనక ఎవరూ లేరు. ఉన్నదేదో ఆ ఫైల్లోనే ఉంది. కానీ పోయిన వారం ఆ వంటింట్లో తను ఒక్కతే నిలబడి, తన ఊపిరి కూడా పడకూడదని మైకు గట్టు మీద పెట్టి, బయటికొచ్చి తలుపేసింది కదా... మరి ఇదెవరిది?

ఎవరిదైతేనేం అనుకుంది. పాడైన ఫైలు. తీసేస్తే సరి. ఎప్పట్లాగే.

"శాశ్వతంగా తీసెయ్యమంటారా?" అని అడిగింది తెర. కింద చిన్న అక్షరాలు. పేరు: వంటింటి నిశ్శబ్దం. తేదీ: పోయిన ఏడాదిది. నిడివి: నలభై ఒక్క సెకన్లు.

వేలు ఆగిపోయింది.

అదే పేరుతో రెండు ఫైళ్ళున్నాయి. కొత్తదనుకుని పాతది లాగింది. మొదటి ఏడాదిలో క్లాసు పని కోసం చేసుకున్నది. అప్పుడూ ముప్పై సెకన్లే కోసుకుంది, ఇప్పుడూ అంతే. మిగతా పదకొండూ ఎప్పుడూ వినలేదు. నిశ్శబ్దాన్ని చివరిదాకా ఎవరు వింటారు చెప్పండి?

ఆ రాత్రి విన్నది.

ముప్పై... ఏమీ లేదు. ముప్పై మూడు... ఏమీ లేదు. ముప్పై ఆరు —

ఊపిరి వదిలారు. ఆపుకున్న నవ్వు తన్నుకొచ్చినట్టు, ఒక్కసారిగా. దాని వెనకే, గుసగుసగా...

"అయిపోయిందా, అమ్మలూ? కదలొద్దన్నావని ఊపిరి కూడా బిగబట్టేశానే... ఇంక పీల్చుకోనా?"

సినిమా వేళకే ఇచ్చేసింది లెండి, దేవుడి దయవల్ల. తాత మాత్రం ఆ తర్వాత రాత్రిపూట ఆ గది వైపు పోలేదట. ఆ రాత్రి రెండింటికి ఆయన తలుపు దగ్గర ఆగి విన్నాడు. లోపల ఆ పిల్ల ఒక్కతే. వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఏడుస్తూనే, పక్కన ఉన్న మనిషికి చెప్పినట్టు మెల్లగా చెప్తోంది...

"పీల్చుకో అమ్మా... పీల్చుకో."