తడవని వలలు

డిటెక్టివ్, అతనికి అసిస్టెంటూ కొత్త భార్యా అయిన ఆమె ఒకే కప్పులో కాఫీ పంచుకుంటున్న వేళ తలుపు చప్పుడైంది. వచ్చినవాడు ఫుట్‌బాల్ క్లబ్బు మాజీ కెప్టెన్. ఆట మానేసి ఈమధ్యే ఆ క్లబ్బుకే డైరెక్టరయ్యాడు.

రాత్రి ఎవరో నీళ్ల పంపులు తిప్పేసి మైదానాన్ని చెరువు చేశారట. అతను కుర్చీ ఎక్కాక మొదటి మ్యాచ్ ఆ సాయంత్రమే. తనను దింపాలని ఎవరో కంకణం కట్టుకున్నారని అతని భయం.

మైదానంలో ఆమె ఒక వింత గమనించింది. గోల్‌పోస్టులకు వలల్లేవు. అవి ఎత్తు బల్ల మీద పొడిగా, చీర మడతల్లా పొందికగా ఉన్నాయి. చుట్టూ తెల్లటి టేపు చుట్టి ఉంది. టేపు కొస పంటితో కొరికినట్టుంది.

కోచ్‌ను అడిగితే, తన ఫార్వర్డ్ ఆటగాడి కాలు బెణికింది గనుక వాయిదా పడితే మేలేనని దాచకుండా ఒప్పుకున్నాడు. అతని మెడలో కత్తెర వేలాడుతోంది. డైరెక్టరు చేత చివాట్లు తిన్న గ్రౌండ్‌మన్, నడుముకు చాకూ పురికొసా లేకుండా ఇల్లు కదలడు. అందరూ 'గోడ' అని పిలిచే గోల్‌కీపరు డైరెక్టరుకు బావమరిది. అతను తనకేమీ తెలియదన్నాడు.

మధ్యాహ్నం డిటెక్టివ్ అందరినీ డ్రెస్సింగ్ రూమ్‌లో కూర్చోబెట్టాడు.

"పగబట్టినవాడు వలలకు బురద అంటకుండా చూస్తాడా? వాటి ముందు బతికినవాడే చూస్తాడు. కత్తెరో చాకో ఉన్నవాడికి పంటితో పనేముంది? ఆటకు ముందు ఒంటి చేత్తో వేళ్లకు టేపు చుట్టుకునేవాడిదే ఆ అలవాటు."

గోడ తల దించుకున్నాడు. "నేనే."

డైరెక్టరు ముఖం పాలిపోయింది. "ఇదే నీ ఆఖరి మ్యాచని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు బావా. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ నన్ను 'ఒరేయ్' అనేవాడివి. వారం నుంచి 'మీరు' అంటున్నావు. ఇవాళ ఆట జరక్కపోతే, మళ్లీ జరిగేదాకా నేనీ జట్టు గోల్‌కీపర్నే కదా అనుకున్నా."

కోచ్ కిటికీ వైపు తిరిగాడు. డైరెక్టరు వచ్చి బావమరిది పక్కన కూర్చున్నాడు.

"నీ మోకాలు ఇక తట్టుకోదురా. నీకు బదులు కొత్తవాణ్ణి తీసుకున్నాను. ఆ మాట నీ ముఖం మీద చెప్పడానికి నాకు నోరు రాలేదు."

"సరే. మరి అక్కకెవరు చెప్తారు?"

"తనకు తెలుసు. అందుకే వారమై నాకు అన్నం వడ్డించట్లేదు."

గోడ నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలోనే విరిగింది. బావ భుజం మీద తల వాల్చి, అంత పెద్ద మనిషీ వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఎప్పుడూ కేసు తేలగానే భర్తను పొగడ్తల్లో ముంచెత్తే ఆమె, ఈసారి అతని చేయి పట్టుకుని మెల్లగా బయటికి నడిచింది.