పోలికకి వచ్చినవాడు

ఆస్పత్రి లిఫ్టుకి 'పనిచేయదు' అని అట్టముక్క వేలాడదీశారు. పరగడుపున నాలుగంతస్తులు ఎక్కాలంటే ఆమెకి ప్రాణం ఉసూరుమంది. ఎక్కక చస్తుందా, ఎక్కింది. మూడో అంతస్తు మలుపులో ఒకడు మెట్లకి అడ్డంగా కూలబడి, ఒడ్డున పడ్డ చేపలా నోరు తెరిచి ఆయాసపడుతున్నాడు.

"కాస్త జరుగుతారా?"

"జరగడానికి ఊపిరుండాలి కదండీ! ఒక్క నిమిషం. నవ్వకండి, నేను లిఫ్టు మెకానిక్కుని. మెట్లతో నాకంత పరిచయం లేదు."

"అయితే కింద ఉన్నదాన్ని బాగుచెయ్యొచ్చుగా?"

"అది వేరే కంపెనీది. ముట్టుకుంటే నా ఉద్యోగం ఊడుతుంది."

ఆమెకి నవ్వు రాబోయింది గానీ ఆకలి దాన్ని మింగేసింది. గోడవారగా ఒదిగి పైకి వెళ్లిపోయింది.

ఆ పై గదులు ఆమెకి కొత్త కాదు. ఆరేళ్లప్పుడు బ్లడ్ క్యాన్సర్ వచ్చింది. మందులు మొండివి, పిల్ల అంతకన్నా మొండిది. బతికి బట్టకట్టి, ఇప్పుడు ఒక రెడీమేడ్ దుకాణంలో కూర్చుని పదిమంది బట్టలు సరిచేస్తోంది. కానీ ఆనాడు ప్రాణం నిలిపిన మందులే రక్తనాళాలని వయసుకి ముందే బిరుసెక్కిస్తున్నాయేమోనని డాక్టర్ల అనుమానం. అందుకని ఆమెలాంటి వాళ్లని పిలిచి, ఇంచుమించు అదే వయసు ఆరోగ్యవంతుణ్ని పక్కన పెట్టి, చేతికి పట్టీ బిగించి వదిలి, స్కానింగ్‌లో ఒకే పూట ఇద్దరి నాళాలూ చూస్తున్నారు. పోలికకి రావాల్సింది ఆమె అన్నయ్య. డ్యూటీ మారిందని, తన బదులు స్నేహితుణ్ని పంపుతున్నానని నిన్న ఫోన్ చేశాడు.

ఆ స్నేహితుడు తలుపు తోసుకుని వచ్చాడు. ఎవరో చెప్పాలా? మెట్ల మీది చేపే.

"నమస్కారమండీ. ఆరోగ్యవంతుణ్ని నేనే," అన్నాడు గోడ పట్టుకుని.

స్కానింగ్ చేసే ఆవిడ నడివయసు మనిషి, ముక్కు మహా చురుకు. "బాబూ, పొద్దున్నించీ సిగరెట్టేమైనా...?"

అతను సీలింగు ఫ్యాన్ వైపు చూశాడు. "ఒక్కటే నండీ. గేటు దగ్గర. ధైర్యం కోసం."

"అయితే లేవండి ఇద్దరూ. పొగ తాగి వస్తే లెక్కంతా తప్పు. వచ్చే వారం రండి."

ఎన్నేళ్లుగానో దాచుకున్న ఓర్పు ఆమెకి ఆ క్షణంలో చెయ్యిజారింది. "మీకేం బాబూ! నేను దుకాణానికి సెలవు పెట్టొచ్చాను. చిన్నప్పట్నుంచీ ఈ గదులూ, ఈ సూదులూ. మీరొక్క పూట ఆగలేకపోయారా? ధైర్యమట! చేతికి పట్టీ కట్టడానికి ధైర్యమెందుకండీ?"

అతను తల దించుకున్నాడు. "తప్పు నాదే. ఎంతైనా తిట్టండి. కాకపోతే తిన్నాక తిట్టండి. ఖాళీ కడుపుతో తిడితే మీకే నీరసం."

కాదనే ఓపిక కూడా లేక ఆమె క్యాంటీన్‌కి నడిచింది. టీ వచ్చింది, బన్ను వచ్చింది. మనిషి మంచివాడిలాగే ఉన్నాడు. అదే ఆమెకి భయం. మంచివాళ్లని మొదటి రోజే పంపించేస్తే తర్వాత నొప్పి ఉండదు. వెనక ఒక సంబంధం వచ్చింది. అంతా విని "చాలా గ్రేటండీ" అన్న మనిషి మళ్లీ ఫోన్ చెయ్యలేదు. ఆ ముఖం మారే తీరు ఆమెకి కంఠతా వచ్చు: ముందు కనుబొమలు లేస్తాయి, తర్వాత నవ్వు అతికించినట్టు ఉండిపోతుంది, ఆ తర్వాత ఏదో పని గుర్తొస్తుంది.

అందుకే దాచకుండా అంతా చెప్పేసింది. "రేపు గుండెకేమొస్తుందో, నాళాలకేమొస్తుందో తెలీదు. బతికున్నన్నాళ్లూ చూపించుకుంటూ ఉండాలి. అందరూ గెలిచావు గెలిచావంటారు. గెలిచినవాళ్లని కాసేపు కూర్చోనివ్వాలి కదా? నాకు అలుపొచ్చేసిందండీ."

చెప్పి, అతని ముఖం వైపు చూసింది.

అతను బన్ను తుంపుతూ ఆలోచిస్తున్నాడు. "ఆ స్కానింగ్ ఆవిడ చెయ్యి పట్టుకుంటే చక్కిలిగిలి పుట్టదా మీకు? నేను ముట్టుకుంటే గెంతుతాను. గెంతితే మళ్లీ వచ్చే వారమేనంటారా?"

ఆమె నోట్లోని టీ ముక్కులోకి పోయింది.

ఆ వారమంతా మెసేజ్‌లు. 'ఇవాళ కూడా తాగలేదండీ.' 'ఇవాళ మా సూపర్‌వైజర్ మీద విరుచుకుపడ్డాను, పొగ మాత్రం లేదు.' కుట్టుమిషన్ మీద కాలు ఆడిస్తూనే ఆమె ఫోన్ చూసుకుని నవ్వుకునేది. ఇంట్లోనూ ఆ నవ్వు ఆగలేదు. వాళ్లమ్మ కనిపెట్టింది.

"ఎవరే?"

"పోలికమ్మా."

"పోలికకి ఇంత నవ్వెందుకే?"

ఆమె దుప్పటి పరుచుకుంది. ఆశ పెట్టుకోకు అని తనకి తానే చెప్పుకుని, చెప్పుకోవడానికీ అలిసిపోయి, పడుకుంది.

అనుకున్న రోజున ఇద్దరూ పరగడుపునే వచ్చారు. పట్టీ బిగించారు. చెయ్యి మొద్దుబారింది. వదలగానే నెత్తురు జివ్వున పారింది. అటు మంచం మీద అతను కొయ్యలా బిగుసుకుని, గెంతకుండా గట్టెక్కాడు.

డాక్టరమ్మ పిలిచి విడివిడిగా చెప్పనా అని అడిగింది. "కలిపే చెప్పండి," అందామె. అతనూ తలూపాడు.

"అమ్మాయ్, నీ నాళాలు కొంచెం బిరుసుగానే ఉన్నాయి. కంగారు పడకు. బీపీ చూసుకో, రోజూ నడువు, ఏటా కనిపించు." ఆమె తలూపింది. ఎదురుచూసిందే. "బాబూ, నిన్ను మాత్రం పోలికకి పెట్టలేను. నీవి ఈ అమ్మాయివాటికన్నా బిరుసు. బీపీ కూడా ఎక్కువే. పొగ మళ్లీ ముట్టకు. మందు మొదలుపెడదాం."

బయట బెంచీ మీద అతను కూర్చున్నాడు. ఎట్టకేలకి అతని ముఖం మారింది. కానీ ఇది ఆ సంబంధంవాడి ముఖం కాదు. ఇది ఆమె రోజూ అద్దంలో చూసుకున్న ముఖం.

"మా నాన్న నలభై దాటకుండానే గుండెతో పోయాడండీ," అన్నాడు మెల్లగా. "ఆస్పత్రి మెట్లెక్కాలంటేనే నాకు భయం. అందుకే ఆ రోజు గేటు దగ్గర..."

ఆమె తాను తిట్టిన తిట్లు గుర్తొచ్చి నాలిక కరుచుకుంది.

"ఇవాళ మీకొక మాట చెబుదామని వచ్చాను. ఇంక వద్దులెండి. మీకున్నవి చాలవా? మధ్యలో నా గోల కూడా దేనికి?"

ఈ మాట ఆమెదే. ఎంతమందితో అందో! ఎదుటివాడి నోట వింటే ఇంత తెలివితక్కువగా ఉంటుందని ఆమెకి ఇన్నాళ్లూ తెలీదు.

"ముందు తిందాం పదండి," అంది. "ఖాళీ కడుపుతో దిగులు పడితే మీకే నీరసం."

అతను తలెత్తాడు.

"మొదటి రోజు ఇలాగే ఉంటుంది. పోనుపోను తగ్గుతుంది. పూర్తిగా పోతుందని అబద్ధం చెప్పను. అలుపైతే ఉంటుంది. ఇద్దరుంటే ఎలా ఉంటుందో మాత్రం నాకు తెలీదు. ఎప్పుడూ చూళ్లేదు."

"చూద్దామా మరి?" అడిగాడు. "చెబుదామని వచ్చిన మాట అదేనండీ."

ఆమె లేచింది. ఎదురుగా లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి, బాగుచేసినట్టున్నారు. అతని కాళ్లు అలవాటుగా అటు తిరిగాయి.

"ఇటు," అంది మెట్లు చూపిస్తూ. "డాక్టరమ్మ ఏం చెప్పింది?"

దిగుతుంటే అన్నయ్య ఫోన్. "అయిందా? మావాడు పనికొచ్చాడా?"

"పోలికకి పనికిరాడట అన్నయ్యా."

"అయ్యో! మరెలా?"

"ఇంక దేనికైనా పనికొస్తాడేమో చూస్తున్నా. ఇంటికొచ్చి చెప్తా ఉండు."

మూడో అంతస్తు మలుపులో ఆమెకి కాళ్లు లాగాయి. ఏ మొహమాటమూ లేకుండా మెట్టు మీద కూర్చుంది. అతనూ పక్కనే కూలబడ్డాడు. కిందనుంచి ఒక పెద్దాయన సంచీ మోసుకుంటూ వచ్చి ఆగాడు.

"కాస్త జరుగుతారా?"

అతను జరిగాడు, ఆమె వైపుకి.