పేరు రాయని స్క్రీన్‌షాట్

జడ్చర్లలో మూతబడ్డ పల్లినూనె మిల్లు ఒకటుంది. దాని పై అంతస్తుకు మంచి పేరు లేదు. పగలైతే అదొక ఆఫీసు — వేరేవాళ్ల వెబ్‌సైట్లు సరిగా నడుస్తున్నాయో లేదో చూసిపెట్టే చిన్న కంపెనీ. దీపాలు పెట్టే వేళకల్లా అందరూ మెట్లు దిగిపోతారు.

ఆ తర్వాత వెనక గదిలో కంప్యూటర్ ఒక్కటే మిగులుతుంది. దానంతట అదే బ్రౌజర్ తెరుస్తుంది, పేజీల్లోని గడులు నింపుతుంది. ఎక్కడైనా తప్పు దొర్లితే తెరను స్క్రీన్‌షాట్ తీసి, ఆఫీసు పెద్ద ప్రమోద్ ఫోనుకు పంపుతుంది.

ఇంతవరకు బాగానే ఉంది. కానీ కొన్నాళ్లుగా ఆ ఫొటోల్లో, పేరు రాసే గడిలో... ఎవరూ రాయని మాటలు కనబడుతున్నాయట.

"తలుపు తియ్యి."

అనుమానం కొత్తగా చేరిన నిరోష మీదికి పోయింది. పోక ఏం చేస్తుంది, కొత్తవాళ్లే కదా లోకువ.

"దయ్యమో, నువ్వో నాకు తెల్వది," అన్నాడు ప్రమోద్. "సోమవారం దాకా చూస్త. ఆగకపోతే నువ్వు రాకు."

నాయిన మగ్గం మూలపడ్డాక ఆ ఇంటికి ఆమె జీతమే ఆధారం. నిరోషకు ఒళ్లు మండింది. ఎవడో ఆకతాయి పనే ఇది, పట్టుకుని తీరాలనుకుంది.

"అమ్మా, గీ రాత్రి నా దోస్తు రోజారమణి ఇంట్లనే ఉంట," అని శనివారం తల్లికి అబద్ధం చెప్పింది. అందరూ దిగిపోయాక ఆఫీసులోనే ఆగిపోయింది. కంప్యూటర్ ఉన్న వెనక గదిలోకి ఫోను తేకూడదని రూలు. బుద్ధిగా బయట పెట్టెలో పెట్టింది. లైటార్పి బల్ల కింద నక్కింది.

వాచ్‌మన్ జానయ్య చెప్పుల చప్పుడు... దగ్గరకొచ్చింది... ఆగింది.

గడియ పడింది.

ఒకప్పుడు అది పల్లికాయ బస్తాల గది. ఇనుప తలుపు, కిటికీ లేదు, గడియ బయటే. "తాతా, నేనున్న..." అని పరుగెత్తేసరికి కింద జానయ్య మోపెడ్ చప్పుడు దూరమైపోయింది. అరచేతులు వాచేలా తలుపు బాదింది. రేపు ఆదివారం. ఇక్కడ ఉందని ఎవరికీ తెలియదు. ఏడుపొచ్చింది.

అప్పుడు — కంప్యూటర్ వెలిగింది. బ్రౌజర్ తెరుచుకుంది.

తప్పు దొర్లితే ప్రమోద్‌కు ఫొటో పోతుంది కదా! కంప్యూటర్ నింపబోతున్న గడిలో తనే గబగబా రాసింది: "తలుపు తియ్యి." "నేను నిరోష" అని రాసేలోపే ఫొటో పడింది. పిచ్చిపిల్ల, ముందు పేరు రాయాల్సింది.

తెర మీద ఆ ఫొటో కింద ప్రమోద్ జవాబు కనబడింది. అక్కడ చదవడమే తప్ప, తిరిగి రాయడానికి వీల్లేదు.

"మళ్ల మొదలైంది. ఫోన్ బంద్ చేస్తున్న. సోమవారం చూద్దం."

నిరోషకు అప్పుడు తట్టింది. ఇన్నాళ్లూ ఆ మాటలు చూసి నవ్వినవాళ్లు నవ్వారు, జడుసుకున్నవాళ్లు జడుసుకున్నారు. తలుపు తీయమంటున్నది ఎవరని ఒక్కరూ అడగలేదు. తనూ అడగలేదు.

బ్రౌజర్ మళ్లీ తెరుచుకుంది. ఈసారి పేరే ముందు రాయాలని కూర్చుని చెయ్యి చాపింది. వేలు ఇంకా తగల్లేదు...

గడిలో అక్షరాలు ఒక్కొక్కటే పడుతున్నాయి.

"నాకు గూడ ఎవ్వలు తియ్యలే బిడ్డా. జర జరుగు... కూసుంట."