నాలుగు వేళ్ల నీడ

"పైకి వస్తున్నా!"

హమ్ము మెట్ల మీద నుంచే కేక వేశాడు. మా ఎడారి ఊరు బెని ఇస్గెన్‌లో మిద్దెల మీద రాజ్యం ఆడవాళ్లది. మేస్త్రి అయినా సరే ముందు అరవాలి, పక్క మిద్దెల వాళ్లం లోపలికి వెళ్లేదాకా ఆగాలి, అప్పుడు ఎక్కాలి.

అందరం వెళ్లాం. హమ్ము వాళ్ల పక్కింటి పిల్ల బయ్యా మాత్రం మగ్గం మీద సగం నేసిన తివాచీ వెనక్కి జరిగింది, అంతే.

"మేస్త్రిగారూ, మళ్లీ మొదలెట్టారా?" అంది తివాచీ.

"నువ్వింకా లోపలికి పోలేదా?"

"లోపలే ఉన్నాను. తివాచీకి లోపల."

హమ్ము నవ్వు ఆపుకుంటూ తాపీ తీశాడు. ఏడేళ్లు వచ్చేదాకా ఇద్దరూ ఒకే సందులో దుమ్ము కొట్టుకుంటూ ఆడారు. ఆ తర్వాత పదమూడేళ్లుగా ఆమె అతనికి గొంతు మాత్రమే.

కడుతున్నది అతని పెళ్లి గది. "గదికి కప్పు వేసిన రోజే గెర్రారా ఊరికి కబురు పంపి మీ మామ కూతుర్ని అడుగుతా" అని తల్లి జోహ్రా తేల్చి చెప్పేసింది.

"కప్పు ఎప్పుడో?" తివాచీ గొంతులో ఆట తగ్గింది.

"గోడ కుదిరితే ఈ వారమే. నువ్వు కుదరనిస్తావా?"

నేత దువ్వెన దారాల మీద దబ్బున పడింది.

మా ఊళ్లో ఇంటి ఎత్తును నిర్ణయించేది పక్కవాడి ఎండ. చలికాలంలో మధ్యాహ్నం వాలాక వినిపించే అస్ర్ నమాజు పిలుపు వేళకు మన గోడ నీడ పక్క మిద్దె మీది సున్నపు గీత దాటకూడదు. దాటితే వాళ్లు కబురు పెడతారు, కట్టడాల పెద్ద బహ్మద్ వచ్చి కొలుస్తాడు. అందుకే ఖర్జూరపు తోటల్లోంచి చూస్తే ఊరు మెట్లు మెట్లుగా కొండెక్కి మసీదు మినార్ దగ్గర ఆగుతుంది. మధ్యలో ఏ ఇల్లూ తల ఎగరేయదు.

హమ్ము గోడ ఆ చలికాలం రెండుసార్లు తల ఎగరేసింది. రెండుసార్లూ "మా అవ్వకు ఎండ పోతోంది" అని బయ్యా ఇంటి నుంచి కబురు వెళ్లింది. రెండుసార్లూ అతను పడగొట్టాడు. మేస్త్రుల ఇంట పుట్టి కొలత రానివాడని ఊరు నవ్వింది. జోహ్రా సిగ్గుతో సందులోకి రావడమే మానేసింది. "ఇంకోసారి తప్పితే ఈ ఊళ్లో నీ చేతిలో తాపీ ఉండదు" అన్నాడు బహ్మద్.

మూడోసారీ నీడ గీత దాటింది. ఒక రోజు గడిచింది, రెండు, మూడు. కబురు వెళ్లలేదు.

"ఏం, మీ అవ్వకు ఎండ వద్దా?" అడిగాడు హమ్ము.

"తాపీ లాక్కుంటారటగా."

"లాక్కోనీ."

"నేను లాక్కోనివ్వను. వేసుకో నీ కప్పు. గెర్రారా పిల్ల బాగుంటుందట." ఆ గొంతు తడిగా ఉంది.

హమ్ము తాపీ అక్కడే పడేసి దిగిపోయాడు.

మర్నాడు అస్ర్ వేళకు బహ్మద్ మిద్దె ఎక్కాడు. జోహ్రా ఒళ్లంతా కప్పిన తెల్లటి ముసుగులోంచి ఒక్క కన్ను మాత్రమే బయటపెట్టి చూస్తోంది. నలుగురు చూసినంత చూపు అది. బయ్యా వాళ్ల అవ్వ తన చాప మీదే కూర్చుంది. తివాచీ యథాస్థానంలో ఉంది.

"నలభై ఏళ్లుగా కొలుస్తున్నా," అన్నాడు బహ్మద్. "తన గోడ మీద తనే ఫిర్యాదు చేసినవాణ్ని ఇప్పుడే చూడటం. ఏదీ, నీ తాడు ఇలా ఇవ్వు."

కొలత తాడును గోడకు ఆనించాడు. ఎంత ఎత్తు కట్టొచ్చో చెప్పే ముడి తాడులో ఉండాల్సిన చోటే ఉంది. గోడ ముడిని దాటి నాలుగు వేళ్లు లేచింది.

"మూడుసార్లూ నాలుగు వేళ్లే. చేతకానివాడు ఒకసారి వేలెడు తప్పుతాడు, ఒకసారి జానెడు. ఇంత కచ్చితంగా తప్పాలంటే మంచి మేస్త్రి కావాలి. ఎందుకురా?"

"కప్పు వేసే రోజు రాకూడదని, పెద్దయ్యా."

"ఊఁ. అవ్వా, నీ ఎండ పోయిందా?"

"నా ఎండా? ఈ చివరి మూలన కూర్చుంటాను. ఆ నీడ నా దాకా రావాలంటే వీడు మినార్ కట్టాలి! అసలు నేనెప్పుడు కబురు పెట్టాను?"

అందరూ తివాచీ వైపు తిరిగారు. అది కదల్లేదు. దాని కింద రెండు పాదాలు మాత్రం ఒకదాన్నొకటి తొక్కుకున్నాయి.

జోహ్రాకు ముందు తట్టింది వేరే సంగతి. "అంటే... మా వాడికి పని వచ్చా?"

"వీడిలా కొలిచేవాడు ఊళ్లో లేడు."

"ఒరేయ్ దరిద్రుడా! చలికాలమంతా తలుపు చాటున ఏడ్చాను కదరా! నోరుంది కదా, చెప్పొచ్చుగా!"

"చెప్పానమ్మా, బయ్యా అని. నువ్వు గెర్రారా అన్నావు."

"ఒకసారి చెబితే నేనెప్పుడైనా విన్నానా? రెండోసారి చెప్పాలి!" ముసుగు కొంగుతో కళ్లు తుడుచుకుని తివాచీ వైపు చూసింది. "ఏమే పిల్లా, వీడి తాపీ పోతుందని మూడోసారి నోరు మూసుకున్నావన్నమాట. నువ్వే నయం. అవ్వా, ఏమంటావ్?"

"రెండిళ్ల మధ్య గుమ్మం ఏ గోడకు పెడతారో చెప్పండి," అంది అవ్వ. "నా చాప జరుపుకుంటాను."

హమ్ము ముఖం వెలిగిపోయింది. "అయితే పెద్దయ్యా, ఇక రెండిళ్లూ ఒకటేగా. ఈ నాలుగు వేళ్లు ఉంచేయనా?"

బహ్మద్ తాడు చుట్టి అతని చేతిలో పెట్టాడు. "పెళ్లి పెళ్లే, ఎండ ఎండే. పడగొట్టు."

హమ్ము సుత్తి అందుకున్నాడు. మొదటి దెబ్బకే మట్టి ఎగిరింది.

"నెమ్మదిగా!" అరిచింది తివాచీ. "దుమ్మంతా నా మీదే. రేపు నీ గదిలో పరిచేది దీన్నే!"