పట్టా దాచిన పిల్ల

"మీ అమ్మాయి స్కూలు చదువుతో ఆపేసిందంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదండీ! అంత తెలివైన పిల్లని పై చదువులు చదివించకపోవడం అన్యాయం కాదూ!"

ఫోనులోంచి ఆ మాటలు వినపడగానే ఆ ఇల్లాలి చేతిలో గరిటె గిన్నెలోనే ఆగిపోయింది. భర్తకి చెవి కాస్త మందం కావడంతో ఆ ఇంట్లో ఫోను ఎప్పుడూ స్పీకరులోనే పెడతారు. ఆదివారం మధ్యాహ్నం, ముగ్గురూ భోజనానికి కూర్చున్న వేళ! మాట్లాడుతున్నది కూతురు పనిచేసే చెప్పుల కార్ఖానా యజమానురాలు. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్ళకీ, పాదం వంకర తిరిగినవాళ్ళకీ వాళ్ళ కాళ్ళకి సరిపోయేలా బూట్లు, చెప్పులు కుట్టిస్తుందావిడ. అందరూ పెద్దక్క అంటారు.

"చేరి ఏడాది కాలేదు, పని అప్పుడే చేతికి పట్టుబడింది. ఆస్పత్రుల వాళ్ళతో మాట్లాడే బాధ్యత తనకి అప్పగిద్దామని ఉంది. కానీ అక్కడ డిగ్రీ లేనివాళ్ళ మాట ఎవరు వింటారు చెప్పండి? సాయంత్రం కాలేజీలో చేర్పించండి. ఖర్చు సంగతి నేను చూసుకుంటాను."

"అలాగేనండీ..." అని మాత్రం అనగలిగింది ఆ తల్లి.

కూతురు తల కంచంలోకి దించేసింది. తండ్రి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"నువ్వు స్కూలు చదువుతో ఆపేశావా తల్లీ?" అన్నాడాయన మెల్లగా. ఆ గొంతులో కోపం లేదు. అందుకే ఇల్లాలికి మరీ భయం వేసింది.

ఎందుకు వెయ్యదు! ఆయన యూనివర్సిటీలో గౌన్ల గది చూసుకునే ఉద్యోగి. స్నాతకోత్సవం నాడు పట్టా అందుకోబోయే పిల్లలందరికీ నల్లగౌను తొడిగి, మెడ దగ్గర సర్ది, "వెళ్ళిరా నాయనా, జయం!" అని వేదిక మీదికి పంపేది ఆయనే. పిల్లలంతా గౌన్ల బాబాయి అంటారు. చినిగిన గౌన్లు ఇంటికి వస్తే అంచులు కుట్టేది ఈవిడ. ఎందరికో తొడిగిన చేతులతో కిందటేడు సొంత కూతురికి తొడిగినప్పుడు, ఆయనకి కళ్ళనీళ్ళు అడ్డొచ్చి మెడ దగ్గర హుక్కు దొరకలేదు! అలాంటి మనిషి కూతురు, ఆ గౌను తను వేసుకోనేలేదని ఊరికి చెప్పుకుందా...

"వెళ్ళిన చోటల్లా మొదట నిజమే చెప్పాను నాన్నా..." అంది కూతురు. "చరిత్రలో డిగ్రీ అంటే ఆఫీసుల్లో 'ఇది మాకెందుకమ్మా' అన్నారు. చేతిపనుల చోటికి వెళితే 'ఇంత చదివినదానివి ఇక్కడెన్నాళ్ళుంటావు' అన్నారు. అటు చాల్లేదు, ఇటు ఎక్కువైపోయింది! పెద్దక్క అయితే గుమ్మం దగ్గర బోర్డే పెట్టింది, డిగ్రీ వాళ్ళు రావద్దని. నాకేమో ఆ పని చూడగానే కావాలనిపించింది. అందుకని..."

"లేని డిగ్రీ ఉందని చెప్పుకునేవాళ్ళని చూశాను. ఉన్న డిగ్రీ లేదని చెప్పుకున్న మనిషిని ఇవాళే చూస్తున్నాను! దొంగసొత్తు దాచుకుంటారు గానీ, చదువుకున్న చదువు దాచుకుంటారా ఎక్కడైనా!" ఆయన కంచం ముందునుంచి లేచిపోయాడు. "రేపు నీతో నేనూ వస్తాను. పట్టా పట్టుకుని మరీ వస్తాను. ఆవిడ కళ్ళారా చూడాలి!"

"పని పోతుంది నాన్నా!"

"అబద్ధం మీద నిలబడ్డ పని... పోతే పోనీ!"

ఆ సాయంత్రం ఇల్లాలు దేవుడికి దణ్ణం పెట్టుకుని కుట్టుమిషను ముందు కూర్చుంది. ఒళ్ళో గౌను, సూదిలో నల్లదారం. భర్త అన్నదీ నిజమే, కూతురు అన్నదీ నిజమే! మరి తప్పెక్కడుంది? తను స్కూలు కూడా పూర్తిచేయని మనిషి. ఇన్నేళ్ళుగా ఈ అంచులు కుడుతున్నా ఒక్కసారీ తట్టని ప్రశ్న ఇప్పుడు తట్టింది. గంటసేపు ఈ గౌను వేసుకుని మురిసిపోయి, విప్పి ఇచ్చేసి వెళ్ళిన వాళ్ళంతా తర్వాత ఏమయ్యారు? ఎంతమందికి ఆ పట్టా తలుపు తెరిచింది? ఎంతమందికి తలుపుకి అడ్డంపడింది? గౌన్లు తిరిగొస్తాయి గానీ, మనుషుల కబురు రాదే... "స్వామీ, నాకేమీ తెలీదు. తెలుసుకోవాలని మాత్రం ఉంది" అనుకుంది.

మర్నాడు పొద్దున్నే ముగ్గురూ బస్సెక్కారు. తండ్రి ఒళ్ళో గుడ్డసంచి, అందులో అద్దం కట్టించిన పట్టా. కూతురు వేరే సీట్లో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఇద్దరి మధ్యా ఆ తల్లి, బస్సు టిక్కెట్టును మడతలు పెడుతూ కూర్చుంది.

కార్ఖానాలో అడుగుపెట్టగానే తోలు వాసనా, బంక వాసనా కలిసి ముక్కుకి తగిలాయి. గోడ పొడుగునా అరల్లో, చెప్పులు కుట్టడానికి అచ్చులుగా చెక్కతో చెక్కిన పాదాలు! ఒక్కటీ ఇంకోదానిలా లేదు. బొటనవేలు పక్కకి వాలింది ఒకటి, మడమ లేనిది ఒకటి, పసిపిల్ల అరచేయంత ఒకటి... ఇల్లాలికి అడుగు ముందుకి పడలేదు. దేవుడు ఇన్ని రకాల పాదాలు చేశాడా!

తండ్రి సంచి మూతి విప్పేలోపే కూతురు పెద్దక్క ఎదుట నిలబడింది.

"పెద్దక్కా, నేను డిగ్రీ చదివాను. మీకు అబద్ధం చెప్పాను. మళ్ళీ కాలేజీలో చేరితే చదివినదే చదవాలి..."

పెద్దక్క కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది.

"ఏం చదివావు?"

"చరిత్ర."

"చరిత్రకీ చెప్పుకీ ఏమిటి సంబంధం?"

"ఏమీ లేదు పెద్దక్కా..." అని ఆగి, "ఉందేమో, నాకింకా తెలీదు" అంది.

"ఇదివరకు చదివినవాళ్ళని పెట్టుకున్నాను. ఒక్కొక్కరికీ దగ్గర కూర్చోపెట్టుకుని నేర్పాను. చేయి తిరగగానే ఆఫీసులో కుర్చీ దొరికిందని వెళ్ళిపోయారు. అందుకే ఆ బోర్డు. కానీ నువ్వు... నా మొహం చూస్తూ ఇన్నాళ్ళూ..." పెద్దక్క తల అడ్డంగా ఊపింది. "ఆస్పత్రివాళ్ళు నా మాట నమ్మాలి. నీ నోటితో నా మాట ఎలా పంపను ఇప్పుడు?"

కూతురు చెంపల మీద నీళ్ళు జారాయి. తండ్రి సంచి గుండెకి హత్తుకుని అలాగే నిలబడిపోయాడు. తను అడగాలనుకున్నవన్నీ ఆవిడే అడిగేసింది! కానీ అవే మాటలు పరాయి నోటినుంచి కూతురికి తగులుతుంటే వినలేకపోయాడు.

అప్పుడు ఆ ఇల్లాలు గొంతు సవరించుకుంది. "ఒక్కమాట అడగనా పెద్దక్కగారూ? పనిలో చేరేటప్పుడు డిగ్రీ ఉంటే వద్దన్నారు. పని వచ్చాక డిగ్రీ లేదే అంటున్నారు. మరి ఆడపిల్ల ఆ పట్టాని ఎప్పుడు చూపించాలి, ఎప్పుడు దాచాలి? నేను చదువుకోలేదు... తెలీక అడుగుతున్నాను."

మూలన బంక రాస్తున్న పనివాడు కిసుక్కున నవ్వి, పెద్దక్క వైపు చూసి నోరు మూసుకున్నాడు.

పెద్దక్క ఆవిడవైపు తిరిగింది. "తెలీక అడిగినా తగలాల్సిన చోటే తగిలిందమ్మా" అంది. "ఆ బోర్డు తీయించేస్తాను. కానీ అబద్ధం అబద్ధమే. పిల్ల పనిలో ఉంటుంది, మామూలు బల్ల దగ్గరే. ఆస్పత్రి పని ఇప్పుడు కాదు. నాకు మళ్ళీ నమ్మకం కుదరాలి. ఎప్పటికో నేను చెప్పలేను. ఇష్టమేనా?"

"ఇష్టమే పెద్దక్కా!" ఏడుస్తూనే అంది కూతురు. ఆస్పత్రి పనితో పట్టా పనికొచ్చే చోటు దొరికింది. ఆ పట్టా దాచినందుకే అది చేయిజారింది... కానీ పని నిలబడింది!

ఇంతలో గుమ్మంలోకి ఒకావిడ వచ్చింది. ఇంటింటికీ ఉత్తరాలు పంచే ఉద్యోగిని. తుంటికి ఆపరేషను అయ్యాక ఒక కాలు పొట్టిదైంది. కూతురు చటుక్కున కళ్ళు తుడుచుకుని, కొత్త బూట్లు తెచ్చి, కింద కూర్చుని తొడిగింది.

"నాలుగడుగులు వేసి చూడండి అక్కా. నన్ను చూడకండి, మామూలుగా నడవండి."

ఆవిడ నడిచింది. తండ్రి తనకి తెలీకుండానే గోడ దగ్గరనుంచి ముందుకి వచ్చాడు.

"ఎడమ భుజం దిగుతోంది" అని గొణిగాడు.

"అవును నాన్నా. మడమ కింద ఇంకొంచెం ఎత్తు పెట్టాలి." ఆ అమ్మాయి తలెత్తి చూసింది. "నీకెలా తెలిసింది?"

"భుజం దిగినవాళ్ళకి గౌను అంచు ఒకపక్క నేలని రాస్తుందే! ఇన్నేళ్ళూ నేను చూసిందే అది..." అంటూనే ఆయన ఆగిపోయాడు. నేలమీద కూర్చుని, మనిషి నడకని తదేకంగా చూస్తున్న ఆ కళ్ళు... అవి తన కళ్ళే! ఏ యూనివర్సిటీ ఇచ్చింది ఈ చూపు?

"ఆ పక్క ఇంకో పొర వేసి చూపించు తల్లీ" అన్నాడు. ఆ గొంతు విని ఇల్లాలికి ప్రాణం కుదుటపడింది. ఆయన అక్కడే స్టూలు లాక్కుని కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా కదల్లేదు!

తిరుగు బస్సులో ఇల్లాలు సంచి వంక చూసింది. మూతి ముడి అలాగే ఉంది.

"పట్టా చూపించనేలేదేమండీ?"

ఆయన సంచి చూసుకుని నాలుక కరుచుకున్నాడు. "మర్చిపోయానే! అడగనూ లేదుగా ఆవిడ... ఉండనీలే. అవసరం ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు."

ఆ ఏటి స్నాతకోత్సవం వచ్చింది. ఆయన ఎప్పటిలాగే గౌను తొడిగి, మెడ దగ్గర సర్దాడు. కానీ "జయం!" అని వెంటనే పంపేయలేదట! "నాలుగడుగులు వేసి చూడమ్మా" అని నడిపించి, "తర్వాత ఏం చేద్దామనుకుంటున్నావు?" అని ఒక్కొక్కరినీ అడిగాడట. వెనక వరస పెరిగిపోయి పై అధికారి కేకలేశాడు కూడా.

"ఏమన్నారండీ పిల్లలు?" గౌన్లు మడత పెడుతూ ఆత్రంగా అడిగింది ఇల్లాలు.

"చాలామంది తెలీదన్నారు."

"మరి మీరేమన్నారు?"

"తెలిశాక ఒకసారి వచ్చి చెప్పమన్నాను. మా ఇంట్లో ఒకావిడ వినడానికి కాచుక్కూచుందని చెప్పాను."

ఆవిడ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. గుమ్మం దగ్గర కూతురి చెప్పుల చప్పుడైంది. ఆవిడ గౌను పక్కన పెట్టి, ఇవాళ కార్ఖానాలో ఎవరు నడిచారో కనుక్కోవడానికి లేచింది.