చిన్న కోడలి నవ్వు

పొద్దున్న ఎనిమిదయ్యేసరికి అరమీద ఉన్న చిన్న కోడలు పలికింది. "మందు వేసుకున్నారా?"

"ఇదిగో, వేసుకుంటున్నానమ్మా!" అంటూ అత్తగారు తల వెనక్కి వాల్చి, తడుముకుంటూ కళ్ళలో చుక్కలు వేసుకున్నారు. ఆవిడ చూపు మసకబారి మూడేళ్ళయింది.

చిన్న కోడలంటే మనిషి కాదు, గుప్పెడంత మాట్లాడే పెట్టె. గొంతు మాత్రం అసలు కోడలిదే. పన్నెండేళ్ళ కిందట, ఆ పెట్టెలు చేసే కంపెనీ ఇంకా రెండు గదుల్లో కాపురం ఉన్నప్పుడు, కొత్తగా చేరిన ఇంజనీరు చేత నాలుగువేల వాక్యాలు చదివించి ఆ పెట్టెలో పెట్టారు. గోడలకు దుప్పట్లు కట్టిన స్టోరు గదిలో ఆమె "మందు వేసుకున్నారా?" అన్న వాక్యం దగ్గరికి వచ్చేసరికి, ఇంటికి తీసుకెళ్దామని వచ్చి తలుపవతల నిలబడ్డ కొత్త మొగుడు హాచ్చిమని తుమ్మాడు. ఆమెకు నవ్వాగలేదు. ఆ "రా" చివర నవ్వు చిక్కుకుపోయింది. మళ్ళీ చదివించే తీరిక ఎవరికీ లేక అది అలాగే ఉండిపోయింది.

ఆ ఇంజనీరే, అంటే అసలు కోడలే, ఇప్పుడు కంపెనీ వైస్ ప్రెసిడెంటు. "పెద్ద కోడలికి మీటింగులు, చిన్న కోడలికి నేను" అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పి మురిసిపోతుంటారు.

ఆ పొద్దున పెద్ద కోడలు ఫోన్లోంచి తలెత్తకుండానే చెప్పింది. "అత్తయ్యా, శుక్రవారం నుంచి ఇది పలకదు. వేరే గొంతుతో కొత్తది తెస్తాను."

"ఏం, జబ్బు చేసిందా?"

"లేదు. పాత పెట్టెలన్నీ ఆపేస్తున్నారు."

"ఎవరూ?"

"కంపెనీ."

"కంపెనీకి చేతులుండవుగా అమ్మాయ్! ఎవరి చెయ్యి అది?"

కోడలు ఫోను బల్లమీద పెట్టింది. "నాదే. నిన్న సంతకం పెట్టాను."

సంతకం పెట్టేటప్పుడు ఆమెకు ఏమీ అనిపించలేదు. ఈమధ్య ఏదీ ఏమీ అనిపించడం లేదు. ఈ కుర్చీ దక్కిన రోజూ అంతే, ముప్పైమందిని ఉద్యోగాల్లోంచి సాగనంపిన రోజూ అంతే.

"ఒక డబ్బా కోసం ఇంత రాద్ధాంతం ఎందుకమ్మా?" అన్నాడు ఆమె భర్త, టీ తాగుతూ.

"నువ్వూరుకోరా! నీ పెళ్ళాం నవ్వగా విని నీకెన్నాళ్ళయింది?"

అతను కప్పు దించి పెళ్ళాం వైపు చూశాడు.

"ఈ ఇంట్లో ఆ పిల్ల నవ్వు మిగిలింది దాంట్లోనే. అదీ తీసేస్తానంటోంది. నాకు మందు గుర్తులేక కాదురా, ఆ నవ్వు కోసం ఎనిమిదింటికి కాచుక్కూర్చుంటాను."

కోడలి నోటికి దొరికినవన్నీ మీటింగుల్లో చెప్పే మాటలే. బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోయింది.

శుక్రవారం ఆమె ఇంటినుంచే మీటింగులో ఉంది. ఎనిమిదయింది. పెట్టె పలకలేదు. పలకదని తెలిసీ అత్తగారు మందు సీసా ఒళ్ళో పెట్టుకుని, అర వైపు చెవి ఒగ్గి కూర్చున్నారు. ఎనిమిదీ అయిదయింది. తెరమీద ఎవరో ఆ పాత పెట్టెల సంగతే చెబుతున్నారు, పని సాఫీగా ముగిసిందట. ఆమె లాప్‌టాప్ మూసేసి వచ్చి అర పక్కన నిలబడింది.

"మందు వేసుకున్నారా?"

రిపోర్టు చదివినట్టు వచ్చింది.

"ఎవరూ, పెద్ద కోడలా?"

"అవునత్తయ్యా."

"మాట అదే. చివర నవ్వేదీ?"

"రావట్లేదు." ఆమె నేలమీద కూలబడింది. "ఎప్పట్నుంచో ఏదీ రావట్లేదత్తయ్యా. లోపల మొద్దుబారిపోయింది."

అత్తగారు ఆమె చెయ్యి తడిమి పట్టుకుని అందులో సీసా పెట్టారు. "అయితే ఇవాళ నువ్వే వెయ్యి."

గురి తప్పి మొదటి చుక్క చెంపమీద పడింది. రెండోదీ చెంపమీదే.

"కళ్ళు ఇంకాస్త పైనున్నాయి తల్లీ!"

కోడలు నవ్వబోయింది. వచ్చింది మాత్రం ఏడుపు. ఎంతకీ ఆగలేదు.

"పోన్లే, ఏదో ఒకటి వచ్చింది," అన్నారు అత్తగారు, ఆమె తల ఒళ్ళోకి లాక్కుంటూ. "రేపు ఎనిమిదింటికి మళ్ళీ అడుగు."